ఆడవాళ్లని సర్దే లెస్మెస్

మా మాడ్రిడ్ నాటకశాలలో ఆడవాళ్లు కూర్చునే అరుగుని అందరూ కూరకుండ అంటారు. అందులో ఆడవాళ్లని సర్దడం లెస్మెస్ పని. నూటయాభై మంది పట్టే చోట రెండువందల మందిని ఇరికించాలి. పైగా ఒక్కొక్కరి పరికిణీ ఒక్కో గుడారం! నేనక్కడే బుట్టలో బాదంగింజలూ కమలాలూ అమ్ముతాను. పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నా, ఆ మనిషి ఒక్కరి మీదా చెయ్యి వేసి జరిపింది లేదు.

"అమ్మా, కాస్త జరగండి. ఈవిడా డబ్బిచ్చే వచ్చింది."

"ఇంకెక్కడికి జరగమంటావ్, నీ ఒళ్లోకా?" అని ఎవరో ఒకావిడ అనేది. కుండంతా గొల్లుమనేది. తాళంచెవుల గుత్తితో నెత్తిన మొట్టిన మహాతల్లులూ ఉన్నారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా! అతనేమో తల తడుముకుంటూ నాతో, "పోనీలే కసిల్దా, ఇంట్లో ఎన్ని తిప్పలు పడి వచ్చిందో" అనేవాడు. ఎవరికీ కాదని చెప్పడం అతనికి చేతకాదు. మొన్న చలికాలం ఉన్న ఒక్క శాలువా ఎవడో అడిగాడని ఇచ్చేసి, నెల్లాళ్లు దగ్గుతూ తిరిగాడు. నేను తిట్టని తిట్టు లేదు.

ఈ ఎండాకాలం మా నటి బెర్నార్దా మొగుడు వలెన్సియాలో జ్వరమొచ్చి పోయాడు. ఇద్దరు చిన్నపిల్లలు. పెళ్లై, మొగుడు కూడా వెంట ఉంటేనే ఆడది రంగమెక్కాలని రాజుగారి సభ చట్టం. ఆ చట్టం రాసిన పెద్దమనుషులే పై కిటికీల్లోంచి ఆమెని కళ్లప్పగించి చూస్తారు, ఏం చెప్పను! అధికారి వచ్చి నెల గడువిచ్చాడు. ఈలోగా మొగుడు లేకపోతే ఆమె దారి ఆమెదే.

బెర్నార్దా సరాసరి లెస్మెస్ దగ్గరికొచ్చింది. "నీలాంటి మంచివాడు ఇంకెవరున్నారయ్యా? నా పిల్లల మొహం చూసి నన్ను చేసుకో."

"అలాగేనమ్మా" అన్నాడు. కాబోయే పెళ్లాన్ని అమ్మా అన్నాడు, చూడండి!

ఆ సాయంత్రం నా బుట్ట దగ్గర కూలబడ్డాడు. "నా పెళ్లికి అడ్డేమీ లేదని చర్చివాళ్ల ముందు సాక్ష్యం చెప్పాలిట. నన్ను నీకంటే ఎరిగినవాళ్లెవరు కసిల్దా? వస్తావా?"

గుండె రాయి చేసుకుని "రాకేం" అన్నాను.

చర్చి గుమాస్తా నా చేత సిలువ మీద చెయ్యి పెట్టించాడు. "ఇతనికి ఇదివరకు పెళ్లయిందా?"

"లేదయ్యా."

"ఏ ఆడదానికైనా పెళ్లాడతానని మాటిచ్చాడా? ఇచ్చుంటే ఈ పెళ్లి చెల్లదు."

ఇచ్చాడు. నాకే ఇచ్చాడు. ఆరేళ్ల కిందట వానకి నాటకం ఆగిపోయి, మేమిద్దరం మెట్ల కింద నిలబడ్డప్పుడు, "మా అమ్మ మంచంలో ఉంది. ఆవిడ ఉన్నన్నాళ్లు ఆగు, తర్వాత నిన్నే చేసుకుంటా" అన్నాడు. ముసలావిడ ఈ వసంతంలో కన్నుమూసింది. తల్లి కోసం ఏడాది కట్టే నల్లబట్టలు తీశాక తనే మాటెత్తుతాడులే అని ఊరుకున్నాను.

గుమ్మంలో బెర్నార్దా, చంకలో చంటిది. లెస్మెస్ నా వైపే చూస్తున్నాడు. మనసుంటే తనే చెప్పేవాడుగా అని ఉక్రోషం కూడా వచ్చింది నాకు.

"ఎవరికీ ఇవ్వలేదయ్యా" అన్నాను. నాకు రాత రాదు, కాగితం మీద గుర్తు పెట్టాను.

బయటికి రాగానే బెర్నార్దా నా చేతులు కళ్లకద్దుకుని ముందుకెళ్లింది. లెస్మెస్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నువ్వు చెబుతావనుకున్నా కసిల్దా."

"ఏం చెబుతాననుకున్నావ్?"

"ఆవిడకి కాదనలేకపోయా. ఒట్టేశాక నువ్వు నిజమే చెబుతావని... అందుకే సాక్ష్యానికి నిన్ను పిలిచా."

"నోరు నీకు లేదుటయ్యా!" అని అరిచాను, దారినపోయేవాళ్లు ఆగి చూశారు. ఇంక ఏడుపు ఆగలేదు. అతనూ ఏడ్చాడు. లోపలికెళ్లి మాట మారిస్తే దొంగసాక్ష్యమని నాకు కొరడాదెబ్బలు, బెర్నార్దాకి వీధి. ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం.

పై ఆదివారం వాళ్ల పెళ్లయింది. నేనూ వెళ్లాను.