లైనంతా దగ్గిన సాయంత్రం

నా చిన్నప్పుడు గుంటూరులో కళ్ళు మూసుకుని నడిచినా ఏ వీధిలో ఉన్నామో ముక్కు చెప్పేసేది. ఎనభైల మొదట్లో మేం మిర్చి యార్డు వైపు ఒక సందులో అద్దెకుండేవాళ్ళం. అక్కడ పుట్టిన పిల్ల ఏడవడం కంటే ముందు తుమ్ముతుందని మా నాన్న వేళాకోళం చేసేవాడు. సందులోకి ఒక రిక్షా వస్తే రెండోది ఆగాల్సిందే. మా ఇంట్లో ఏం కూర వండారో సందు చివరి దాకా తెలిసేది. పొద్దున కుళాయి దగ్గర జుట్లు పట్టుకునేంత పని చేసిన ఆడవాళ్ళే సాయంత్రం అరుగు మీద కూర్చుని ఒకరి తల ఒకరు దువ్వుకునేవాళ్ళు. మా అమ్మ ఆ సందులో మహారాణిలా బతికింది.

నాన్నది పొగాకు కంపెనీలో గుమాస్తా ఉద్యోగం. కాస్త జీతం పెరగగానే ఆయనకి మంచి వీధిలో ఉండాలని కోరిక పుట్టింది. వీధుల్ని లైన్లని పిలిచే బ్రాడీపేటలో, ఒక లైనులో, అడ్డరోడ్డు మలుపు దగ్గర, ముందు గేటూ వెనక పెరడూ ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. "ఇక్కడ ఘాటు లేదు, గోల లేదు" అని వచ్చినవాళ్ళందరికీ తిప్పి చూపించేవాడు. నిజం చెప్పాలంటే అందమైన వీధే. వెడల్పాటి రోడ్డు, వేపచెట్లు, గోడల మీంచి వేలాడే కాగితం పూలు. అన్నీ ప్లీడర్ల ఇళ్ళూ, లెక్చరర్ల ఇళ్ళూను. కానీ గేట్లన్నీ ఎప్పుడూ వేసే ఉండేవి. ఎవరింట్లో ఎవరున్నారో పాలవాడికి తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు.

అమ్మకి ఆ నిశ్శబ్దం పడలేదు. ఆమె పొదిలి దగ్గర పల్లెలో పెరిగిన మనిషి, చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఒకసారి ఎదురింటి ప్లీడరుగారి భార్య గేటు దగ్గర కనబడితే నవ్వబోయి, ఆవిడ ఇస్త్రీ చీరా, చేతికున్న వాచీ చూసి బెదిరిపోయి లోపలికి వచ్చేసింది. ఆ తర్వాత ముందు వాకిట్లోకి రావడమే తగ్గించేసింది. ముగ్గు కూడా ఎవరూ లేవకముందే గబగబా వేసేసి వచ్చేది. తిండి తగ్గింది, మాట తగ్గింది. చివరికి ఒకనాడు నాన్నతో చెప్పేసింది. "నన్నూ పిల్లనీ మా ఊరు పంపించెయ్యండి. ఇక్కడ నాకు ఊపిరాడట్లేదు."

నాన్న సరేనన్నాడు. నా పరీక్షలు అవగానే మమ్మల్ని పొదిలి బస్సెక్కించి, తాను ఏదో ఒక గది చూసుకుంటానన్నాడు. నేను నాన్నకూచిని. పక్క గదిలోంచి ఆ మాట విని పరికిణీ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరి నుంచి మా నాయనమ్మ దిగింది. ఒక చేతిలో ఎండుమిరపకాయల మూట, ఇంకో చేతిలో మనిషెత్తు రోకలి. బస్సులో ఈ రోకలేమిటమ్మా అని కండక్టరు గొణిగితే, "నీకు టిక్కెట్టు కావాలా, రోకలి కావాలా?" అందిట. వచ్చి ఒక పూట అమ్మ వాలకం చూసింది. ఎవరినీ ఏమీ అడగలేదు. మర్నాడు మిరపకాయలు ఎండబోసి, నాచేత తొడిమలు తీయించి, పెరట్లో పడున్న రోలుని రిక్షా అతని సాయంతో ముందు వాకిట్లోకి, సరిగ్గా గేటు పక్కకి దొర్లించింది. అడ్డరోడ్డు చివర కారం మర ఉందని అమ్మ చెప్పబోతే వినిపించుకుంటేగా!

"పైరగాలి తిరగనియ్యవే, మొదలెడదాం" అంది.

సాయంత్రం గాలి తిరిగింది. ఒక పోటు నాయనమ్మ, ఒక పోటు అమ్మ. అబ్బో, ఆ గాలి ఆ ఘాటుని లైనంతా పంచిపెట్టింది! మొదట పక్కింట్లో ఎవరో తుమ్మారు. తర్వాత ఎదురింట్లో దగ్గు. కాసేపటికి ఎప్పుడూ తెరవని గేట్లు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. ముక్కులకి చెంగులు అడ్డం పెట్టుకుని ఆడవాళ్ళు మా ఇంటి మీదికి వచ్చేశారు. అందరికంటే ముందు ప్లీడరుగారి భార్య.

"ఏమండీ, ఇది ఇల్లా, మిల్లా? చుట్టుపక్కల మనుషులు ఉండాలా వద్దా?"

మా నాయనమ్మ చల్లగా రోకలి కిందపెట్టి, "నాకేం తెలీదమ్మా, నిన్న వచ్చినదాన్ని. ఇంటావిడ మా కోడలు, ఆమెనడగండి" అని లోపలికి వచ్చేసింది. కిటికీ దగ్గర నిలబడి, బయటికి పరిగెత్తబోయిన నన్ను జబ్బ పట్టుకుని ఆపేసింది.

అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "తప్పైపోయిందండీ, ఆపేస్తానండీ" అని గొణిగింది. నాకు నాయనమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఇక పరీక్షల దాకా కూడా ఆగదు, రేపే పొదిలి బస్సు అనుకున్నాను. అంతలో పక్కింటి లెక్చరరుగారి భార్య తుమ్ముల మధ్య ఒక మాట అంది.

"ఈ రోజుల్లో దంచడమేమిటండీ? మర పట్టిస్తే పోలా? రెండూ ఒకటేగా!"

అంతే. అమ్మ తల పైకి లేచింది. "ఒకటేనా? ఎలా ఒకటవుద్దండీ? మర వేడికి కారం కమిలిపోద్ది. రంగు పోద్ది, రుచి పోద్ది. మీరు ఆవకాయలో అదే వేస్తారా? మరి ఏడాది నిలవుంటుందా?"

ఆ గొంతు నాకు తెలుసు. సందులో కుళాయి దగ్గర మోగిన గొంతది. నన్ను పట్టుకున్న నాయనమ్మ చెయ్యి కాస్త వదులైంది.

లెక్చరరుగారి భార్య తగ్గింది. "నిలవుండదండీ. మాది శ్రావణానికే నల్లబడిపోతోంది, ఎందుకో తెలీట్లేదు" అంది. ప్లీడరుగారి భార్య దగ్గుతూనే వంగి, రోట్లోంచి చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అబ్బ! మా పుట్టింట్లో ఇలాగే ఉండేది. ఎక్కడివండీ కాయలు?" అంది. ఆవిడ పుట్టిల్లు పొదిలి దారిలోనే, చీమకుర్తి పక్కనట! ఆ వాచీ పెట్టుకున్న చేతులతోనే చిన్నప్పుడు చేలో మిరపకాయలు కోసిందట. ఇక చూడాలి! మెంతులు వేయించి వేయాలా పచ్చివి వేయాలా అని, దగ్గుతూ తుమ్ముతూ అందరూ వాకిట్లోనే వాదులాడుకున్నారు. ఎవరో చెంగు బిగించి రోకలి కూడా అందుకున్నారు. అమ్మ పకపకా నవ్వింది. ఆ ఇంటికొచ్చాక ఆమె అలా నవ్వడం అదే మొదలు.

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన నాన్న ముక్కు మూసుకుని గేటు బయటే నిలబడిపోయాడు. లోపలికి రావడానికి ఆయనకి దారి లేదు.

"కావాలనే చేశావా?" అని అడిగాను నాయనమ్మని.

"కాక? బొట్టు పెట్టి పేరంటానికి పిలిస్తే వస్తారే. మర్యాదకి వస్తారు, తాంబూలం పుచ్చుకుని మర్యాదగా పోతారు. అదే తిట్టడానికి వస్తే ఉన్నదున్నట్టు వస్తారు. మీ అమ్మకి అలాంటివాళ్ళతోనే మాటొస్తుంది" అంది, ముక్కు చీదుకుంటూ. ఎంత గుండె ధైర్యమో ఆవిడకి! కొత్త వీధిలో కోడలి పరువంతా రోట్లో వేసి దంచింది మహాతల్లి. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

నా పరీక్షలయ్యాయి. నాన్న నసుగుతూ, పొదిలి బస్సు ఎప్పటికి చూడమంటావని అడిగాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలైనా ఎత్తలేదు.

"ఇప్పుడెలా కుదురుద్దండీ? గురువారం ప్లీడరుగారింట్లో కారం దంచుతున్నాం."

ఆ తర్వాత పెళ్ళయ్యి, బదిలీలయ్యి, ఎన్నో వీధుల్లో కాపురం చేశాను. ఒంగోలులో లారీల మోతకి గిన్నెలు కదిలే రోడ్డు మీద ఉన్నాను, హైదరాబాదులో మనిషి అలికిడి లేని కాలనీలో ఉన్నాను. ఇప్పుడు ఈ అపార్ట్‌మెంటులో అన్నీ మూసిన తలుపులే. అయినా మూసిన తలుపు చూసి లోపలి మనిషి గురించి నేను ఏమీ అనుకోను. మొన్న కింది ఫ్లాటు అమ్మాయి వచ్చి బెల్లు మీద బెల్లు కొట్టింది. మా తడిబట్టల నీళ్ళు వాళ్ళ అప్పడాల మీద పడ్డాయట. ముఖం కందగడ్డలా ఉంది, మంచీ మర్యాదా లేకుండా దులిపేస్తోంది. ఆ పిల్ల అలా తిడుతుంటే నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. తలుపు బార్లా తీసి, "లోపలికి రా తల్లీ, కూర్చుని తిట్టు" అన్నాను.