కుట్లు మానకముందే వేటకి

ఆ అక్టోబరులో నా గర్భసంచి తీసేశారు.

దానికి ముందు కొన్నేళ్ళుగా నా ఒంట్లోంచి రక్తం పోతూనే ఉంది. అల్ కుసైస్‌లో ఒక స్కూలు బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా పని నాది. చిన్నపిల్లల సీటు బెల్టులు బిగిస్తుండగానే లోపలి బట్టలు తడిసిపోయేవి. పైన ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా ఉంది కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు. ఒక మధ్యాహ్నం బస్సులోనే కళ్ళు తిరిగి సీట్ల మధ్య పడిపోయాను. గడ్డలు బాగా పెరిగిపోయాయి, చిన్న రంధ్రాలతో పని జరగదు, పొట్ట కోయాల్సిందే అన్నారు డాక్టర్లు. కోశారు. మత్తు దిగాక, ఎవరో నా నడుముని రెండు ముక్కలు చేసి తొందరలో సరిగ్గా అతక్కుండా వదిలేసినట్టు అనిపించింది. దగ్గొస్తే దిండుని పొట్టకి అదుముకుని దగ్గమన్నారు. నవ్వొస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు. ఆ అవసరమూ రాలేదు.

మాది ఒక ఫ్లాటులో ఒక గది. వంటగది ఇంకో కుటుంబంతో కలిసి వాడుకుంటాం. మా ఆయన ఏసీ మెకానిక్. సెలవు పెట్టి ఆయనే వండి పెట్టేవాడు. మాకు ఒక్కతే కూతురు. అప్పటికి పన్నెండేళ్ళది. ముట్టుకుంటే నేను ఎక్కడ విరిగిపోతానో అన్నట్టు నా మంచానికి దూరం దూరంగా తిరిగేది. దానికి శరదృతువు సెలవులు ఇచ్చిన రోజే మా అన్న ఫోన్ చేశాడు.

"ఆ డబ్బా గదిలో ఎంతకాలమని పడుకోనుంటావమ్మా? ఈడికి రండి. గాలి తగులుద్ది. మేకపాలు తాగి నాలుగు రోజులు కాళ్ళు చాపుకోనుండు. నువ్వు పుల్ల కూడా ఎత్తబాక."

అన్న అల్ ఐన్ దాటాక ఎడారి అంచున ఉన్న ఒక మజ్రాలో, అంటే తోటలో, పని చేస్తాడు. నెల్లూరు నుంచి కుర్రతనంలో ఒంటెలు కాయడానికి వచ్చినవాడు, తర్వాత డేగల పనిలోకి మారాడు. ఆ తోట అర్బాబు, అంటే యజమాని, ముసలాయన. ఎండ తగ్గి చల్లగాలి మొదలైతే చాలు, ఆయనకి వేట తప్ప ఇంకో ధ్యాస ఉండదు.

దారి పొడుగునా నేను పొట్టకి దిండు అదుముకుని కూర్చున్నాను. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా మా ఆయన కారుని పురుగులా పాకించాడు. అయినా ప్రతిసారీ కుట్లు లోపలినుంచి పట్టి లాగినట్టయ్యేది.

తోటలో మాకు ఖర్జూరం చెట్ల పక్క గది ఇచ్చారు. మా అమ్మాయి సంచీ కింద పెట్టీ పెట్టకముందే డేగల గదిలోకి పరిగెత్తింది. లోపల ఏసీ చల్లగా ఉంది. పచ్చగడ్డిలాంటి చాప మీద పొట్టి కొయ్యలు పాతి, ఒక్కో కొయ్య మీద ఒక్కో డేగని కట్టి ఉంచారు. వాటి కళ్ళకి తోలు టోపీలు తొడిగి ఉన్నాయి.

"వీటిని బుర్కా అంటారే. కళ్ళు కనపడకపోతే దానికి భయముండదు. గమ్మునుంటది," అన్నాడు అన్న.

మా అమ్మాయి ఒక తెల్లటి ఆడ డేగ ముందు కూర్చుంది. భోజనానికి పిలిచేదాకా లేవలేదు.

మర్నాడు పొద్దున్నే మమ్మల్ని కూడా వేటకి తీసుకెళ్ళారు. అడవి పక్షిని ముట్టుకుంటే జైలేనని, వదిలేవన్నీ పెంచినవేనని అన్న ముందే చెప్పాడు. ఆ రోజు డేగకి అలవాటు చెయ్యడానికి పావురాల్ని తెచ్చారు. ముసలాయన నన్ను చూసి, తనకి వచ్చిన నాలుగు ఉర్దూ ముక్కల్లో, "తుమ్ మరీజ్. గాడీ మే బైఠో, దేఖో," అన్నాడు. జబ్బుమనిషివి, కారులోనే కూర్చుని చూడమని. ముందు సీటు వెనక్కి వాల్చి నన్ను కూర్చోబెట్టారు.

అన్న పావురాన్ని గాల్లోకి విసిరాడు. ముసలాయన డేగ కళ్ళకి ఉన్న తోలు టోపీ ఊడదీశాడు. అది ఒక్కసారి తల తిప్పి చూసింది. తర్వాత చేతి మీద లేదు. పావురం పైకి పోతోంది, డేగ ఇంకా పైకి పోయింది. అక్కడినుంచి రాయిలా పడింది. ఆ దెబ్బ శబ్దం కారులో ఉన్న నాకు కూడా వినపడింది. తడిబట్టని బండకేసి కొట్టినట్టు. ఈకలు గాల్లోనే చెదిరిపోయాయి. కింద దిగాక అది పావురం మీద నిలబడి, మెడ కొరికి, రొమ్ము చీల్చి తినడం మొదలుపెట్టింది. పావురం రెక్క ఒకటి ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

మా ఆయన ముఖం తిప్పుకున్నాడు. "ఇదేం చోద్యం, ఆపరేషన్ అయిన మనిషికి చూపించేది ఇదా?" అని గొణిగాడు.

నేను ముఖం తిప్పుకోలేదు. నొప్పి కూడా మర్చిపోయి అద్దంలోంచి ముందుకు వంగి చూశాను. జాలి వెయ్యలేదు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి కోసినప్పుడు నేను పావురంలాగే పడి ఉన్నాను కదా. ఇప్పుడు చూసేవాళ్ళ వైపు కూర్చున్నాను. అది బాగుంది. ఆ మాట మా ఆయనకి చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత అనుమతి ఉన్న వేట మైదానానికి వెళ్ళాం. అక్కడ పెంపకపు హుబారా పక్షుల్ని వదులుతారు. కోడికంటే పెద్దది, పొడుగు కాళ్ళు. అది పావురంలా ఊరికే చావలేదు. ఇసుక మీద గుండ్రంగా పరిగెత్తింది, కాళ్ళతో తన్నింది, వెనక్కి తిరిగి జిగురు లాంటి రెట్టని డేగ రెక్కల మీద చిమ్మింది. రెక్కలు అంటుకుపోతే డేగ ఎగరలేదట. డేగ కింద పడింది, లేచింది, మళ్ళీ పట్టుకుంది. రెండూ ఒకదాన్నొకటి చీరుకుంటూ ఇసుకలో దొర్లాయి. అన్న పరిగెత్తి బిస్మిల్లా అని హుబారా మెడ కోశాడు. గుండె తీసి వేడివేడిగా డేగ నోటికి అందించాడు. మా అమ్మాయి పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని అంతా చూసింది.

"మామా, దానికి దెబ్బలు తగిలాయా?" అంది. అది అడిగింది చచ్చిన పక్షి గురించి కాదు, డేగ గురించి.

ఆ రాత్రి హుబారా మాంసం అన్నంలో వేసి వండారు. పథ్యం పక్కనపెట్టి నేనూ తిన్నాను.

మూడోసారి వెళ్ళింది పొద్దున పూటే, తోటకి దగ్గరగానే. మళ్ళీ పావురాలు. ఆ రోజు తెల్ల డేగ వంతు. గాలి గట్టిగా ఉంది. పావురం ఇసుకదిబ్బ దాటి పోయింది, డేగ దాని వెంట పోయింది. డేగ కాలికి కట్టిన పరికరం సంకేతం పట్టుకుని ముసలాయన, అన్న, మా ఆయన ఇంకో బండిలో దిబ్బ అవతలికి వెళ్ళారు. కారులో నేను ఉన్నాను. కారు పక్కన మా అమ్మాయి నిలబడి ఉంది.

"అమ్మా, అది వెనక్కొచ్చింది! ఆ పొదల దగ్గర దిగింది!" అని అరిచి, నేను వద్దనేలోపే పరిగెత్తింది.

కేకేస్తే వినపడేంత దూరమే. డేగ పావురం మీద రెక్కలు గొడుగులా పరిచి తింటోంది. మా అమ్మాయి కొంచెం ఎడంగా, మామ నేర్పినట్టే, కదలకుండా కూర్చుంది. అప్పుడు ఒంటెల దొడ్డి వైపునుంచి మూడు కుక్కలు వచ్చాయి. ఎముకలు తేలిన పసుప్పచ్చటి ఊరకుక్కలు. నెత్తురు వాసనకి వచ్చాయి.

నేను హారన్ మీద చెయ్యి పెట్టి నొక్కిపట్టాను. దిబ్బ అవతలినుంచి ఎవరూ రాలేదు. మా అమ్మాయి లేచి నిలబడి చెప్పు తీసి విసిరింది. రెండు కుక్కలు ఆగాయి. మూడోది ఆగలేదు. నేరుగా వచ్చి డేగ రెక్క నోట పట్టుకుంది. డేగ పావురాన్ని వదల్లేదు, అందుకే ఎగరలేకపోయింది. నా కూతురు కుక్క తోక పట్టుకుని లాగింది. కుక్క డేగని వదిలేసి తిరిగి, పిల్ల పిక్క కరిచి పట్టింది.

ఇసుకలో టైరు కూరుకుపోతే తవ్వడానికి కారు వెనక ఒక ఇనుప పార ఉంటుంది. తలుపు ఎలా తీశానో, ఆ పార ఎలా ఎత్తానో నాకు గుర్తు లేదు. పరిగెత్తడం మాత్రం గుర్తుంది. పొట్ట కింద ఏదో పుటుక్కుమంది. మొదటి దెబ్బ కుక్క నడుం మీద పడింది. వదల్లేదు. రెండో దెబ్బ మెడ మీద పార అంచుతో కొట్టాను. వదిలింది. కుయ్యోమని పక్కకి ఒరిగి, లేవబోయింది. తల మీద కొట్టాను. మళ్ళీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు చేతుల్లోకి పాకింది. ఇసుక తడిసి ముద్దయింది. నేను అరుస్తున్నానట. ఏమని అరిచానో మా అమ్మాయి ఇప్పటికీ చెప్పదు.

వెనకనుంచి ఎవరో నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"సచ్చిపోయింది. సచ్చిపోయిందిమే. వొదిలెయ్. పార వొదిలెయ్," అంటున్నాడు మా ఆయన.

నా వేళ్ళు ఒక్కొక్కటీ ఊడదీసి పార లాక్కున్నాడు. అప్పుడు కుక్కని చూశాను. దానికి తల అనేది మిగల్లేదు. పొదుగు మాత్రం నిండుగా ఉంది. రొమ్ముల చివర పాలచుక్కలు ఇసుకలోకి కారుతున్నాయి. నా అబాయా కింద కాళ్ళ మీదుగా వెచ్చగా ఏదో జారుతోంది. చెయ్యి పెట్టి చూసుకుంటే రక్తం.

నా కూతురు కాలు పట్టుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. "ఇటు రామ్మా," అని చెయ్యి చాపాను. అది నాకు అందకుండా ఇసుకలో వెనక్కి జరిగింది. కుక్కల్ని చూసి వెనక్కి జరగని పిల్ల.

ముసలాయన తలకి చుట్టుకున్న గుడ్డ విప్పి డేగని అందులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. మా ఇద్దర్నీ తన బండిలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. దారిలోనే డేగ చచ్చిపోయింది. అన్న ముఖం పాలిపోయింది. అన్నేళ్ళ కొలువు ఆ ఉదయంతో సరి అనుకున్నాడు. ఆస్పత్రి గుమ్మంలో ముసలాయన అతని భుజం మీద చెయ్యి వేసి, "బాజ్ గయా, ఖలాస్. బింత్ కో దేఖో," అన్నాడు. డేగ పోయింది, అయిపోయింది, పిల్లని చూసుకో అని. అన్న అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాడు.

నా కోత సగం విడిపోయింది. మలయాళీ నర్సు ప్లాస్టరు ఊడదీస్తూ కోపంగా, "క్యా ఉఠాయా?" అంది. ఏం బరువు ఎత్తావని. "పార," అన్నాను తెలుగులోనే. మళ్ళీ మత్తిచ్చి లోపల శుభ్రం చేసి, చీము పట్టకుండా కొంతమేర కుట్టకుండా వదిలేశారు. రోజూ గాజుగుడ్డ మార్చాలన్నారు. పిల్లకి పిక్క మీద కుట్లు పడ్డాయి, కుక్కకాటు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

పక్కపక్క మంచాల మీద ఉన్నా అది నాతో మాట్లాడలేదు. వాళ్ళ మామ వస్తే మాత్రం ఒకే ఒక మాట అంది.

"దానికి పిల్లలుంటాయి మామా. వెతుకు."

అన్న ఎదురుచెప్పకుండా వెళ్ళాడు. ఒంటెల దొడ్డి వెనక పాత నీళ్ళ ట్యాంకు కింద నాలుగు కనపడ్డాయి. అప్పటికే ఒకటి చచ్చిపోయింది. మిగిలినవాటికి ఒంటెల కాపరి గుడ్డ ముంచి పాలు పట్టాడట. ఫోటోలు పంపితే నా కూతురు ఫోను తిప్పి తిప్పి చూసుకుంది.

ఇంటికొచ్చాక మా ఆయన పనిలోకి వెళ్ళాల్సి వచ్చింది. నా గాయానికి గుడ్డ మార్చే పని రెండు రోజులు పక్క కుటుంబం ఆవిడ చేసింది. మూడో రోజు ఆవిడ రాలేదు. నేను పడుకుని పొట్ట వైపు చూసుకోలేక, అద్దం పట్టుకుని అవస్థ పడుతుంటే, మా అమ్మాయి చేతులు కడుక్కుని వచ్చి మంచం అంచున కూర్చుంది. ఆ ఘటన తర్వాత నా దగ్గరికి రావడం అదే మొదలు.

లోపలి గుడ్డ మెల్లగా లాగింది. నేను పళ్ళు బిగించాను.

"నొప్పా?"

"ఊఁ."

"అమ్మా, అది కింద పడిపోయాక కూడా ఎందుకు కొట్టావ్?"

నిన్ను కాపాడ్డానికి అనొచ్చు. సగం నిజమే అది. కానీ గాయం దాని కళ్ళ ముందు తెరిచి ఉంది, అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఆపాలనిపించలేదే," అన్నాను. "చేతులు ఆగలేదు. ఆగకపోతే బాగుండుననే అనిపించింది."

అది కొత్త గుడ్డని మందునీళ్ళలో తడిపి, పిండి, లోపలికి సర్దింది. పైన ప్లాస్టరు అంటించి అంచులు నొక్కింది.

"నాకు నిన్ను చూస్తే భయమేసింది," అంది.

"ఇప్పుడో?"

"కొంచెం."

ఆ గాయం పూడడానికి చాలా వారాలు పట్టింది. పూడేదాకా గుడ్డ మార్చింది అదే. తర్వాత నేను మళ్ళీ బస్సెక్కాను. ఇప్పుడు అబాయా కింద తడి లేదు, మెట్లెక్కుతుంటే కళ్ళు తిరగవు. మచ్చ వంకరగా, తాడులా ఉబ్బి ఉంటుంది.

మరుసటి ఏడు సెలవులకి అన్న మళ్ళీ పిలిచాడు. ట్యాంకు కింద దొరికినవాటిలో రెండు బతికి, తోట కాపలా కుక్కలయ్యాయని చెప్పాడు. నా కూతురు ఆ రోజే బట్టలు సర్దుకుంది. మా ఆయన, అది వెళ్ళారు. నన్నెవరూ రమ్మని బలవంతపెట్టలేదు. నేనూ వెళ్ళలేదు. వాళ్ళు వచ్చేదాకా గదిలో ఒక్కదాన్నే ఉన్నాను, వచ్చే రోజున ఇద్దరికీ ఇష్టమైన పులుసు చేసి పెట్టాను.