సగం మాట

బరాంకియా రేవు ఆఫీసులో కంప్యూటర్ల మధ్య డేటా అందించే నెట్‌వర్క్ స్విచ్‌లు చూసే ఎలియెసెర్, ఏ స్విచ్‌నీ చిరునామా చదవగానే డేటా ముందుకు తోసెయ్యనివ్వడు. "మొత్తం పుచ్చుకుని, తప్పుల్లేవని చూసుకున్నాకే పంపాలిరా! తొందరపడితే పాడైన డేటా కూడా ముందుకెళ్లిపోతుంది," అని అరుస్తాడు. అతని చేతులు మాత్రం అంతసేపు ఆగవు. పిడికిలి కణుపుల మీద ఎప్పుడూ ఎండీ ఎండని పుండ్లే. నిన్న భోజనాల వేళ తోటి పనివాడు యాదిర్ రొప్పుతూ వచ్చి, "అన్నా, నూరిస్ వదినని మీ పక్కింటి ఒస్వాల్దో తన బండెక్కించుకుని..." అన్నాడో లేదో, మూతి పగిలింది. కింద పడ్డవాణ్ణి ఎలియెసెర్ డొక్కలో తన్నాడు. మళ్లీ తన్నాడు. యాదిర్ నెత్తురుతో పాటు ఒక పన్ను ఉమ్మి, మిగతా మాట పూర్తిచేశాడు.

"...ఆసుపత్రికి తీసుకెళ్లాడన్నా. బస్సు గుద్దింది. నీ పేరే కలవరిస్తోంది."