బొటనవేలి మందం

పొద్దున మా చర్చి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. గండిమైసమ్మ దగ్గర ఏదో బడిలో ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పుతున్నారట. తెల్లబట్టలు వేసుకున్న పిల్లలంతా ఒక్కసారి అరిచి, ఎదుటి పిల్ల ముక్కు మీదికి చెయ్యి విసిరి, తగలకుండా ఆపేశారు. కింద అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టబోయి, ఫోన్ బోర్లించి కూర్చున్నాను. అట్లా ఆపడమే మా ఊరు రావల్కోల్‌లో ఆరేళ్లపాటు నేర్పిన మనిషిని నేను.

అప్పట్లో మేడ్చల్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసేవాణ్ణి. కుర్రతనంలో నేర్చుకున్న కరాటే ఒంట్లో కొంచెం, నోట్లో చాలా మిగిలి ఉండేది. ఆదివారం ఆరాధన అయిపోయి, అందరూ ఇంత తిని వచ్చాక, చర్చి ఆవరణలో మా ఊరి ఆడపిల్లలను వరుసగా నిలబెట్టేవాణ్ణి. పిడికిలి బిగించినప్పుడు బొటనవేలు బయట ఉండాలి, లోపల పెడితే విరిగేది మన వేలే. ముక్కు మీదికైతే పిడికిలికన్నా అరచెయ్యి మేలు. వేళ్లు వెనక్కి వంచి, మణికట్టు పక్కనుండే గట్టి భాగంతో కిందినుంచి పైకి కొట్టాలి. మనిషి మీదికొచ్చేస్తే మోచెయ్యి, ఇంకా దగ్గరికొస్తే మోకాలు. కొట్టి అక్కడే నిలబడి చూడొద్దు, అరుస్తూ ఉరకాలి. ఇవన్నీ మంచి మాటలే. ఇప్పుడు కూర్చుని వెతికినా వాటిలో తప్పు దొరకదు.

తప్పు నేను పెట్టిన నియమంలో ఉంది. మొదటిరోజే మా పాస్టరయ్య వచ్చి, "దేవుని జాగల ఎవ్వరికీ దెబ్బ తాకొద్దు, సూస్కో మరి" అన్నారు. తల్లులు ఇంకో అడుగు ముందుకేసి, తమ పిల్లల ముక్కులన్నిటికీ నన్నే పూచీ పెట్టారు. నేను ఫిట్టర్ని కదా, సందు కొలవడమంటే నాకు ప్రాణం. ముక్కుకు బొటనవేలి మందం దూరంలో చెయ్యి ఆగాలన్నాను. వరుస వెంట నడుస్తూ, ముక్కుకీ అరచేతికీ మధ్య నా బొటనవేలు దూర్చి చూసేవాణ్ణి. సరిగ్గా దూరితే శభాష్. చెయ్యి ముక్కుకు తాకిందా, పది గుంజీలు, ఆపైన ఎదుటి పిల్లకు సారీ. కొట్టడం నేర్పే చోట దెబ్బ తగిలినందుకు శిక్ష వేస్తున్నానన్న ఆలోచన నా బుర్రకు ఒక్కనాడూ తట్టలేదు.

మా అక్క బిడ్డ ఆ ఆరేళ్లలో ఒక్క గుంజీ తియ్యలేదు. చెయ్యి గాలి కోస్తూ పోయేది, ఆగాల్సిన చోట టక్కున ఆగేది. ఒక క్రిస్మస్‌కు పాస్టరయ్యనే స్టేజీ మీద నిలబెట్టి, ఆయన ముక్కు ముందర ఆపించాను. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. జనం ఒకటే నవ్వు, ఈలలు. ఇక ఈ పిల్లకు ఎక్కడికి పోయినా భయం లేదని మా అక్కతో చెప్పాను. ఎంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

పెద్దయ్యాక దానికి శామీర్‌పేట వైపు మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆ పక్కనే లాల్‌గడి మలక్‌పేట్ ఊళ్లో అద్దెకుండి, మొదటి షిఫ్టు బస్సు కోసం కొత్త వెంచర్ మధ్యనుంచి నడిచి పోయేది. హద్దురాళ్లు తప్ప ఇళ్లు లేని జాగా. ఒకరోజు పొద్దున్నే ఎవడో అడ్డమొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. నేను నేర్పినట్టే మణికట్టు తిప్పి విడిపించుకుంది. నేర్పినట్టే అరిచింది. తర్వాత జరిగింది ఆస్పత్రి మంచం మీద తనే చెప్పింది.

"చెయ్యి మస్తు జోరుగ పోయింది మామా. వాని ముక్కుకాడికి పోయి ఆగింది. నువ్వు ఆపుమన్నకాడ్నే ఆగింది. సారీ అని గూడ అనబోయిన."

వాడికి అట్లాంటి నియమాలేవీ లేవు. నిండుచేత్తో చెవి మీద కొట్టాడు. పాలబండి రావడం చూసి పారిపోయాడు, ఈనాటికీ దొరకలేదు. దానికి ఎడమచెవి వినబడకుండా పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఉద్యోగం మానేసి రావల్కోల్ వచ్చేసింది. ఒంటరిగా గడప దాటదు. చర్చికి మాత్రం మా అక్క చెయ్యి పట్టుకుని వచ్చి, మంచి చెవి మనుషుల వైపుండేలా ఎడమ చివర కూర్చుంటుంది. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, నేను బస్తాలో ఊక కుక్కి, గుండెకు అదుముకుని ఆ ఆవరణలోనే దాని ముందర నిలబడ్డాను.

"కొట్టు బిడ్డా. ఆపకు. నేను సచ్చినా మంచిదే, ఆపకు."

మంచి చెవి నా వైపు తిప్పి విన్నది. పాదాలు సర్దుకుంది. చెయ్యి వచ్చింది, అదే వేగం. బస్తా ముందర ఆగింది. మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారి దాని కళ్లలో నీళ్లు.

"ఇగ ఇడిసిపెట్టు మామా. రాదు."

అలవాటు కొద్దీ నా బొటనవేలు బస్తాకీ దాని అరచేతికీ మధ్య సందులోకి పోయింది. సరిగ్గా పట్టింది. ఇన్నేళ్లలో నా జుట్టు నెరిసింది, ఆ పాస్టరయ్య పోయారు, ఆవరణలో బండలు పరిచారు. ఆ చెయ్యి మాత్రం నేను ఆపిన చోటే ఉంది.