సీటీ లేని విమానం

మా బాపు విమానం నడుపుడు మొదలువెట్టంగనే అడిగిన మాట, "ఇందుల సీటీ ఏడున్నది బిడ్డా?" అని.

నేను కడుపు పట్టుకొని నవ్విన. మా బావ కుర్చీలకెళ్లి కింద పడబోయిండు. కాజీపేటల బొగ్గు ఇంజన్లు నడిపి నడిపి రిటైరైన మనిషి టీవీ ముందట కూసోని ఆకాశంల కూత పెట్టే సీటీ దేవులాడుతాండు. నవ్వు రాక ఏమొస్తది? బాపు మాత్రం నవ్వలే. మా దిక్కు ఒకసారి చూసి, మళ్ల టీవీ దిక్కు తిరిగిండు.

అవి ఎనభైల ఆఖరి ఏండ్లు. బావ అంటె మా అక్క మొగడు. గల్ఫ్‌ల ఒక ఎయిర్‌పోర్టుల విమానాల మెకానిక్. ఆ యేడు ఎండకాలం సెలవు మీద వచ్చినప్పుడు అందరికి చీరెలు, సెంటు సీసాలు తెచ్చిండు. నాకేమో ఒక కంప్యూటర్ తెచ్చిండు. నేను హనుమకొండల లెక్కల ఎమ్మెస్సీ చదువుతానని ఆయనకు మస్తు గొప్ప. ఆ కంప్యూటర్ పరీక్ష అట్ట కంటె జర పెద్దగుంటది, అంతే. దాన్ని టీవీకి తగిలిచ్చి, టేప్‌రికార్డర్ల క్యాసెట్ పెడితె, కీచుకీచుమని మొత్తుకొని మొత్తుకొని ఆఖరికి ఒక ఆట వచ్చేది. ఆ ఆటలల్ల ఒకటి విమానం ఆట. ఒక పచ్చ గీత, గీత కింద నేల, మీద ఆకాశం. చేతిల జాయ్‌స్టిక్ అనే ప్లాస్టిక్ కట్టె. గదే విమానం.

బావకు అది ఒక్క నిమిషం సుత నచ్చలే. "ఇది గాలిపటం, విమానం కాదు" అని తీసి పారేసిండు. ఇప్పుడు కొత్తగ వచ్చే పెద్ద విమానాలల్ల పైలట్ చేతిల కట్టెకు, రెక్కలకు నడుమ ఇనుప తాళ్లు ఉండయట. ఉత్త కరెంటు వైర్లేనట. పైలట్ కట్టె గుంజితె ఆ మాట ముందుగాల కంప్యూటర్‌కు పోతది. అది ఆలోచన చేసి రెక్కకు చెప్తది. కట్టె ఇడిసిపెట్టినా ముక్కు ఏడ పెట్టినవో ఆడనే నిలబడతది. ఎంత గట్టిగ గుంజినా, గాలిల పట్టు తప్పి పడేదాక పోనియ్యది.

"అంటె పైలట్ ఆర్డర్ ఏస్తడు, అది తనకు మంచిగనిపిచ్చింది చేస్తది" అన్న. "మనింట్ల అమ్మ లెక్క."

వంటింట్లకెళ్లి అమ్మ, "అందుకే ఇల్లు నడుస్తాంది" అన్నది.

అసొంటి విమానం నేనే రాస్త అని మొండికేసిన. నాకు ఆ వయసుల పొగరు జర ఎక్కువ. ఒకరు రాదంటె చేసి చూపెట్టేదాక అన్నం దిగకపోయేది. బరువు, వేగం, ఎత్తు, ముక్కు వంపు, అన్నిటిని లెక్కలల్ల పెట్టి లైను ఎనుక లైను ప్రోగ్రాం కొట్టిన. మధ్యల కరెంటు పోయేది. కరెంటు పోతె రాసిందంత ఊడ్చుకపోయేది. అప్పుడు నేను తిట్టిన తిట్లు మా వాడకట్టంత విన్నరు. అమ్మకైతె ఆదివారం సీరియల్ టైమ్‌కు టీవీ ఖాళీ చేసుడు ఒక్కటే ముచ్చట.

నా మొదటి విమానం మరీ మంచిది. కట్టె ఇడిసిపెడితె ముక్కు చెక్కుచెదరక నిలబడేది. నేల దగ్గరికొస్తె చాలు, కట్టె జర గుంజంగనే చటుక్కున పైకి లేచేది. ఎవరి చేతిల పెట్టినా కూలకపోయేది. బావ నడిపి చూసి పెదవి ఇరిసిండు. "విమానం మనిషి మాట ఇంటది, బరాబరే. గని నేల ఇంటదా? అంత బరువు, అంత జోరు మీద కిందికి దిగుతాంటె, ముక్కు లేపినంత మాత్రాన లేస్తదా? ముక్కు లేసినంక సుత జారుతనే ఉంటది. ఇది ఉత్తదే" అన్నడు. నాకు ఒళ్లు మండింది.

ఆ ఉత్త విమానమే బాపుకు పానమైపోయింది.

రోజు మధ్యాహ్నం అన్నం తినంగనే టీవీ ముందటికొచ్చి కూసునేటోడు. ఎత్తు మీదికెళ్లి నేరుగ నేల మీదికి దించేటోడు, ఆఖర్ల గుంజేటోడు. అది లేసేది. మళ్ల దించేటోడు. ఇంక ఆలస్యంగ గుంజేటోడు. అప్పుడు సుత లేసేది. "ముసలాయనకు భలే షోకు పట్టింది" అని బావ నవ్వేటోడు. నేను సుత అట్లనే అనుకున్న, ఒకనాడు పక్కకెళ్లి ఆయన మొకం చూసేదాక. ఆడుకునే మనిషి మొకం కాదది. నుదురంత చెమట. కుడిచెయ్యి కట్టె మీదున్నది. ఎడమచెయ్యి మాత్రం నెత్తి మీదికి లేసి, ఆడ లేని దాన్నేదో గుంజుతాంది. నాకు భయమైంది. వంటింట్లకు ఉరికిన.

అమ్మ చిక్కుడుకాయలు తుంచుతాంది. నేను చెప్పింది విని తుంచుడు ఆపింది.

"నువ్వప్పుడు మస్తు చిన్నదానివి" అన్నది. "కేసముద్రం ఇవతల మలుపు కాడ. నెత్తిన పత్తికట్టె మోపు పెట్టుకొని ఒక ఆడామె పట్టాలు దాటుతాంది. మోపు అడ్డం, ఇటు చూడలే. మీ బాపు బ్రేకు పట్టిండు. బొగ్గు లోడు గూడ్సు, ఆగుతదా? తప్పు లేదన్నరు, మళ్ల డ్యూటీ ఎక్కిచ్చిండ్రు. గని ఆయనకు ఒక్కటే రంధి. జర ముందుగాల పట్టి ఉంటె బతికేది గదా అని. ఇప్పటికి నిద్రల కాళ్లు తన్నుకుంటడు."

అప్పుడు నాకొకటి యాదికొచ్చింది. మా మేనత్తది కేసముద్రమే. చిన్నప్పుడు ఆడికి పోయినప్పుడల్ల, మలుపు దిక్కుకెళ్లి పొడుగు సీటీ వినపడేది. అత్త వాకిట్ల నిలబడి, "అగో, మీ బాపు పోతాండు" అనేది. పట్టాల మీద ఎవరన్న చనిపోయిన జాగల సీటీ కొట్టుకుంట పోవుడు డ్రైవర్లల్ల ఉన్నదే. బాపును చూసి షెడ్డుల మిగిలినోళ్లు సుత ఆ మలుపు కాడ కొట్టేటోళ్లట. చనిపోయినామెకు పెట్టే దండం అనుకునేటోళ్లం మేమంత. బాపు రిటైరైనంక వచ్చిన పిలగాండ్లకు ఆ సంగతి ఎరుక లేదు. ఇప్పుడు ఆడ ఎవరూ కొడతలేరు.

ఆ రోజు నేనే బావ దగ్గరికి పోయిన. "నువ్వు చెప్పినట్టే రాస్త" అన్న. "ఉన్నది ఉన్నట్టు. జారేది జారనీ."

ఎందుకు రాస్తనో అది సుత ఆయనకు చెప్పిన. నా ఉత్త విమానం మా బాపుకు అబద్ధం నేర్పుతాంది. మంచి మిషిని ఉంటె, మంచి చెయ్యి ఉంటె, ఎంత ఆలస్యమైనా బతికియ్యొచ్చు అని రోజు చెప్తాంది. ఆయనేమో గుంజినకొద్ది, తన చెయ్యే చేతగాని చెయ్యి అనుకుంటాండు. అసలు విమానం ఎంత తెలివైందైనా, నేల దగ్గరికొచ్చినంక లేవదని కండ్లార చూస్తె, ఆ బ్రేకు బరువు దిగిపోతది. నా ఆశ అది. మా బాపు ఒక్క రాత్రన్న మంచిగ నిద్రపోవాలె.

బావ సెలవు అయిపోయేలోపే అది తయారైంది. ఆయన నడిపి చూసి, "గిది విమానం" అన్నడు. బాపును పిలిచి కూసోబెట్టినం.

బాపు ఎప్పటిలెక్కనే దించిండు, ఆఖర్ల గుంజిండు. ముక్కు లేసింది. విమానం మాత్రం జారుకుంట జారుకుంట పచ్చ గీత కిందికి పోయింది. టీవీ నల్లగైంది. బాపు ఉలిక్కిపడ్డడు. మళ్ల దించి, జర ముందుగాల గుంజిండు. పోయింది. ఇంక ముందుగాల గుంజిండు. అప్పుడు సుత పోయింది.

"చూసినవా బాపు" అన్న. "నీ చెయ్యి ఆలస్యం చెయ్యలే. ఎంత తెలివైన మిషిని అయినా, ఎవరు గుంజినా, అంత దగ్గరికొచ్చినంక ఆగది."

బాపు చేతులు రెండు మోకాళ్ల మీద పెట్టుకున్నడు.

"అంటె బ్రేకు తోటి అయ్యేది కాదు."

"కాదు బాపు. ఎవరు పట్టినా అయ్యేది కాదు."

"మరి నేను పట్టింది బ్రేకే గద బిడ్డా" అన్నడు. "ఆమెను చూడంగనే రెండు చేతులు దాని మీదికే పోయినయి. సీటీ కొట్టలే. కొట్టి ఉంటె తల తిప్పేది. ఒక్క అడుగు ఎనుకకు జరిగితె సాలు. సీటీ గొలుసు ఈడనే ఉండె, ఈడనే." నెత్తి మీదికి చెయ్యి లేపి చూపెట్టిండు. "బ్రేకు ఆలస్యమైందనుకొనే బతికిన ఇన్నేండ్లు. ఆలస్యం కాదు. పట్టాల్సింది పట్టలే."

నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలే. ఆ మలుపు కాడ అన్నేండ్లు కొట్టిన సీటీ దండం కాదు. పోయినప్పుడల్ల ఆమెను పక్కకు జరుగుమని చెప్పుకుంట పోయిండు మా బాపు. ఇప్పుడు చెప్పేటోడు లేడు, ఆమె ఆడనే నిలబడ్డది ఆయన కండ్లల్ల. నేను బరువు దించుత అనుకుంటి. ఉన్న ఒక్క సాకు గుంజుకున్న.

ఎనుకకెళ్లి బావ అన్నడు, "సీటీ రాయి."

తెల్లారి లేస్తె ఇది అసలు విమానంల లేదు, అది అసలు విమానంల ఉండది అని నా పానం తీసిన మనిషి. "రాయి మరదలా, జల్ది రాయి" అన్నడు. కండ్లు తుడుచుకొని కూసున్న. ఒక్క లైనే. కంప్యూటర్ మీది పొడుగు మీట ఒత్తితె, ఒత్తినంత సేపు కూత వస్తది. టీవీల సన్నగ, దోమ గీపెట్టినట్టు.

బాపు మళ్ల ఎత్తుకు పోయి విమానం దించిండు. నేల ఇంక మస్తు దూరమున్నది. కట్టెను ముట్టలే. మీట మీద వేలు పెట్టి ఒత్తిండు. అమ్మ వంటింటి దర్వాజ కాడికొచ్చి నిలబడ్డది. పచ్చ గీత దగ్గరికొస్తాంది, బాపు వేలు తియ్యలే. టీవీ దిక్కు వంగి, అందుల ఎవరో ఉన్నట్టు, "జరుగు తల్లీ" అంటాండు, "జర పక్కకు జరుగు."