ఉత్తరానికి లాగిన తీగ

మా మామగారికి మూఢనమ్మకాలు లేవు. ఆ మాట ఆయనే చెప్పేవారు. "ఏదో పెద్దలు చెప్పారు కదా అని పాటిస్తానంతేనమ్మాయ్" అనేవారు. బల్లి మీద పడితే తలస్నానం చేసేవారు. పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవారు. మంగళవారం నాడు గడ్డం గీయించుకునేవారు కాదు. మూఢనమ్మకాలు ఉన్న మనిషైతే ఇంకేం చేసేవాడో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

తాడేపల్లిగూడెం నుంచి నేను ఆ ఇంటికి పెద్దకోడలిగా వెళ్ళాను. దెందులూరు దాటాక రోడ్డు దిగి, కొల్లేటి వైపు బండిలో పోతే వచ్చే ఊరు. ఇంటికి దక్షిణాన కొల్లేరు, ఉత్తరాన వరిచేలు. యాభైల నాటి మాట. ఊళ్ళో కరెంటు లేదు గానీ మా ఇంట్లో రేడియో ఉంది. బ్యాటరీ మీద పలికే సెట్టు. దాని మీద మా అత్తగారు అల్లిన లేసు గుడ్డ, శుక్రవారమైతే కుంకంబొట్టు. సాయంత్రమయ్యేసరికి సగం ఊరు మా అరుగు మీదే ఉండేది. మీట తిప్పే హక్కు మాత్రం మామగారిదే. మా ఆయన కూడా ముట్టుకోవడానికి వీల్లేదు. ఆయన ముట్టుకోవాలని అనుకోనూ లేదు లెండి, నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు తీర్చడానికే నన్ను చేసుకున్నారని ఊళ్ళో అనుకునేవారు.

ఆ రేడియోలో బెజవాడ బ్రహ్మాండంగా వచ్చేది. మద్రాసు మాత్రం రాదు. పెట్టి చూస్తే వేడి పెనం మీద నీళ్ళు చల్లినట్టు చుయ్యిమని ఒకటే చప్పుడు. పెంకుటింటి మీద రెండు వెదుళ్ళు నిలబెట్టి, వాటి మధ్య రాగి పట్టీ కట్టారు. దాన్నే ఏరియల్ అనేవారు. కొల్లేటి గాలికి అది అస్తమానం ఒరిగిపోయేది. ఒకసారి గూడబాతు వచ్చి దాని మీద వాలింది. ఆ పక్షి ఒళ్ళు చూసినవాళ్ళకి తరవాత ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. వెదుళ్ళు విరిగినందుకు మామగారు బాధపడలేదు. ఇంటి మీద గూడబాతు వాలితే ఏం ఫలమో పంచాంగంలో దొరకలేదని బాధపడ్డారు.

మద్రాసు రాకపోతే మీకేం నష్టమని అడగొచ్చు. మద్రాసులో మా ఆడపడుచు ఉంది. అత్తగారికి ఒక్కగానొక్క కూతురు. పెళ్ళై అక్కడికి వెళ్ళి, అక్కడి రేడియోలో పాడ్డం మొదలుపెట్టింది. అన్నీ తల్లి దగ్గర నేర్చుకున్న పాటలే. ఆ కబురు తెలియగానే మామగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "మన ఇంటి ఆడపిల్ల గొంతు ఊళ్ళు పట్టుకు తిరుగుతుందా? పాడేదైతే ఈ గడప తొక్కద్దు" అన్నారు. ఆ పిల్లా ఈయన కూతురే కదా. "తొక్కను లెండి" అంది. ఆ పోవడం పోవడం మళ్ళీ రాలేదు. బెజవాడ స్టేషన్లో ఎవరింటి ఆడపిల్లలు పాడినా మామగారు తొడ మీద తాళం వేస్తూ వినేవారు. వాళ్ళ గొంతులు ఊళ్ళు పట్టుకు తిరిగితే పరవాలేదు కాబోలు.

అత్తగారు పల్లెత్తు మాట అనలేదు. కానీ రేడియోలో ఎవరైనా ఆడమనిషి పాట అందుకోగానే వంటింట్లోంచి చెయ్యి కడుక్కుని వచ్చి తలుపు పక్కన నిలబడేవారు. రెండు ముక్కలు విని, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయేవారు. కూతురు బెజవాడలో పాడదని ఆవిడకి తెలుసు. తెలిసీ వచ్చేవారు.

మా మరిది ఏలూరు హైస్కూల్లో సైన్సు మాస్టారు. శనివారం సైకిలు మీద వచ్చి సోమవారం పొద్దున్నే పోయేవాడు. వచ్చినప్పుడల్లా లోకాన్ని బాగుచేసే కొత్త సంగతి ఒకటి చదువుకుని వచ్చేవాడు. ఒక శనివారం సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా, "వదినా, ఏరియల్ పైకి కట్టక్కర్లేదు! నేలకి మోకాలెత్తున పొడుగ్గా తీగ లాగి, ఏ ఊరు కావాలో ఆ ఊరి వైపు పెడితే చాలు. ఇంగ్లీషు పత్రికలో రాశారు" అన్నాడు.

"ఎంత పొడుగు?"

"ఎంతుంటే అంత మంచిది. నాలుగు చేల పొడుగనుకో."

తరవాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. అక్క రెండు వారాల తరవాత వచ్చే ఆదివారం దీపాలు పెట్టేవేళకి మద్రాసు రేడియోలో పాడుతుందిట. ఆ ఒక్క సాయంత్రం అమ్మకి వినిపించాలి. అదీ వాడి పట్టుదల. నాకూ అదే పట్టుదలైంది.

మామగారిని ఒప్పించే పని నా మీద పడింది. "మామయ్యగారూ, ఆ ఆదివారం సాయంత్రానికి మద్రాసు పలికితే అక్కడి బియ్యం ధరలు తెలుస్తాయిటండి" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ధరలంటే అవసరమే. అయితే లాగమను. బియ్యం కోసమే సుమా!" అన్నారు. ఆదివారం సాయంత్రం ఏ స్టేషన్లోనూ బియ్యం ధరలు చెప్పరని ఆయనకి తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు. ఆ ఇంట్లో ఇలాంటి సంగతులు అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

తీగ ఏలూరులో యుద్ధం నాటి సామాన్లు అమ్మే సాయిబుగారి కొట్లో దొరికింది. మిలటరీవాళ్ళ టెలిఫోను తీగ. ఎందుకని ఆయన అడిగితే మా మరిది మద్రాసు వినడానికని చెప్పాడు. "అయితే ఇంకో రెండు చుట్టలు పట్టుకెళ్ళండి మాస్టారూ, మద్రాసుకే ముడేసి రావచ్చు" అన్నారుట సాయిబుగారు. తీగని నిలబెట్టే కర్రలు కొల్లేటి ఒడ్డున చేపలు పట్టే ఒకాయన ఇచ్చాడు. వలలు కట్టుకునే కర్రలవి. "మా వలలో చేపలు పడతాయండి. మీ దాంట్లో ఏం పడతాయో వచ్చి చూస్తానండి" అన్నాడు.

మా మరిది మొదటి కర్ర పెరట్లో, కొల్లేటి వైపు పాతాడు. మామగారు అరుగు మీంచి కేకేశారు.

"అటెందుకురా?"

"మద్రాసు అటే కదండీ నాన్నగారూ."

"దక్షిణానికా! కాపరం చేస్తున్న ఇంట్లోంచి యముడి దిక్కుకి తీగ లాగుతావా? ఆ తీగ పట్టుకుని ఎవడొస్తాడనుకుంటున్నావు?"

"మద్రాసు దక్షిణాన ఉందండి. నేను పెట్టలేదు."

మాటకి మాట పెరిగింది. చివరికి సిద్ధాంతిగారిని పిలిపించారు. మా ఊళ్ళో నుయ్యి ఎక్కడ తవ్వాలన్నా, గడ్డివామి ఎటు వెయ్యాలన్నా ఆయనే చెప్పాలి. ఆయన చెప్పిన చోట తవ్విన నూతుల్లో నీళ్ళు పడేవి. కొల్లేటి ఒడ్డున ఎక్కడ తవ్వినా నీళ్ళు పడతాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆయన రేడియో చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కుపొడుం పీల్చి, కళ్ళు మూసుకున్నారు.

"దక్షిణం కూడదండి. ఉత్తరం వెయ్యండి. అనుకున్న పని తప్పకుండా అవుతుంది."

ఆ మాట వంటింట్లోకి వినపడింది. అత్తగారు గబగబా వచ్చారు. ఆవిడ మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. చేతిలో పోస్టుకార్డు ఉంది. ఎప్పుడు తెప్పించుకున్నారో, ఎక్కడ దాచుకున్నారో! అంచులు పసుపెక్కిపోయాయి.

"ఉత్తరం వెయ్యమన్నారుగా! ఇదిగోనమ్మాయ్ కార్డు. పిల్లని రమ్మని రాయి" అన్నారు.

అందరూ ఘొల్లుమన్నారు. సిద్ధాంతిగారు నవ్వలేక తుమ్మారు. మామగారైతే పొట్ట పట్టుకున్నారు. "ఆ ఉత్తరం కాదే పిచ్చిదానా! దిక్కు, దిక్కు!"

"అదేనండీ నేనూ అనేది. ఆడపిల్లకి పుట్టింటిని మించిన దిక్కేవిటి?" అన్నారు అత్తగారు.

నవ్వులు ఆగిపోయాయి. మామగారు పైకప్పు వైపు చూశారు. ఆవిడ కార్డు కొంగులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. నాకు ఏడుపూ కోపం కలిసి వచ్చాయి. కోపమే పైకి వచ్చింది. ఆ పూట మామగారి పప్పులో ఉప్పు వెయ్యలేదు. ఆయన కిక్కురుమనకుండా తిన్నారు.

తీగ ఉత్తరానికే లాగారు. మా మరిది ప్రతి కర్రకీ తిట్టుకుంటూ పాతాడు. "ఉత్తరాన ఎవరున్నారు వదినా పాడ్డానికి? జంగారెడ్డిగూడెం పొగాకు కాల్చేవాళ్ళ దగ్గు వినిపిస్తుంది, విను" అన్నాడు. తీగ మా చేలు దాటి పక్కవాళ్ళ చేలోకి పోవాల్సి వచ్చింది. ఆ పక్క రైతు వచ్చి గట్టు మీద బైఠాయించాడు. కాలవ నీళ్ళ కోసం తలలు పగలగొట్టుకునే దేశం మాది. ఆయనకి రేడియో కూడా కాలవలాగే కనపడింది.

"గొంతు ముందు మా చేలోంచి పారి, తరవాత మీకొస్తుందండి. అంటే మేం ఎగువ, మీరు శివారు. మా వాటా మాటేవిటండి?"

రేడియోకి దగ్గరగా కూర్చోపెడతామని ఒప్పుకున్నాక కానీ కర్ర పాతనివ్వలేదు. మాట ప్రకారం ఆ ఆదివారం అందరికన్నా ముందొచ్చి, పెట్టెకి చెవి ఆనించి కూర్చున్నాడు.

రేడియో వెనకనుంచి ఇంకో తీగ భూమిలోకి పోతుంది. దాన్ని పాత రాగి చెంబుకి చుట్టి పెరట్లో పాతిపెట్టారు. అక్కడ నేల తడిగా ఉండాలని మా మరిది చెప్పాడు. అంతే, అత్తగారు రోజూ తులసికోటలో నీళ్ళు పోశాక అక్కడా ఓ చెంబెడు పోసేవారు. పోసి, చుట్టూ ఎవరూ లేకపోతే దణ్ణం పెట్టుకునేవారు. నేను చూశానని ఆవిడకి తెలీదు.

ఆదివారం పొద్దు గుంకేసరికి అరుగు మీద ఇసకేస్తే రాలదు. కర్రలిచ్చినాయన వచ్చాడు. సిద్ధాంతిగారు కూడా వచ్చారు. మామగారు గొంతు సవరించుకుని, "బియ్యం ధరలు" అని ఊరందరికీ గుర్తుచేసి, మీట తిప్పారు. చుయ్యిమంది. ఇంకాస్త తిప్పారు. ఎక్కడో అరవం వినిపించింది. మా మరిది లేచి నిలబడ్డాడు. మామగారు మీటని వెంట్రుకవాసి వెనక్కి తిప్పారు. ఆ వేళ్ళకింద, గరగరలోంచి, నీళ్ళలోంచి తల పైకెత్తినట్టు ఒక ఆడగొంతు లేచింది. జోలపాట. మా అత్తగారు మనవల్ని నిద్రపుచ్చుతూ పాడేదే.

ఉత్తరానికి లాగిన తీగలో దక్షిణాన ఉన్న మద్రాసు ఎలా పలికిందని మా మరిది తరవాత వారం రోజులు జుట్టు పీక్కున్నాడు. అవతలి కొస ఊరికే వదిలేసిన తీగ రెండు దిక్కులా వింటుందని అదే పత్రికలో తరవాతి పేజీలో ఉందిట. మా సైన్సు మాస్టారు ఆ పేజీ తిప్పలేదు. సిద్ధాంతిగారికి పేజీలతో పనే లేదు. ఆ తరవాత చుట్టుపక్కల ఊళ్ళలో రేడియో కొన్నవాళ్ళంతా, బెజవాడ కావాలన్నా సింహళం కావాలన్నా, తీగ ఉత్తరానికే లాగారు. అన్నీ పలికాయనే చెప్పేవారు. పలకనివాళ్ళు చెప్పుకోలేదు.

ఎప్పుడూ తలుపు పక్కన నిలబడే అత్తగారు ఆ రోజు అంతమందిని దాటుకుని వచ్చి రేడియో ముందు చతికిలబడ్డారు. పాట ఒక్కోసారి మునిగిపోయేది, మళ్ళీ తేలేది. మునిగినప్పుడల్లా ఆవిడ పెదవులు ఆ మాటలు అందుకునేవి. కూతురు వదిలిన చోట తల్లి పాడేవారు. తేలగానే ఆగిపోయేవారు. ఎగువ రైతు పెట్టె మీంచి చెవి తీసి ఆవిడకి చోటిచ్చాడు.

పాట అయిపోయింది. ఎవరో అరవంలో ఏదో చెబుతున్నారు. అత్తగారు లేసు గుడ్డ మీద చెయ్యి వేసి, "గొంతు పీలగా ఉందేవిటే? అన్నం తింటున్నావుటే?" అని అడిగారు.

అంతమందిలో ఒక్కరూ నవ్వలేదు. మామగారు రేడియో కట్టేశారు.

"అటు మాట ఇటు వస్తుంది గానీ, ఇటు మాట అటు పోదే" అన్నారు, మెల్లిగా.

"మరెలా పోతుందండీ?"

ఆయన తీగ వైపు చూశారు. తరవాత నా వైపు తిరక్కుండానే, "అమ్మాయ్, ఉత్తరం వెయ్యి" అన్నారు.

"ఉత్తరానికే వేశాం కదండీ మామయ్యగారూ. ఇంకా ఎంత పొడుగు వెయ్యమంటారు?"

"నీ వెటకారం మండా! మీ అత్తగారి దగ్గర కార్డుంది, తీసుకో."

అది ఆవిడ కొంగులోనే ఉంది. నేను కలం పట్టుకుని కూర్చున్నాను. మామగారు కళ్ళజోడు తీశారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

"రేడియో పలుకుతోందని రాయి. కానీ గరగర ఎక్కువగా ఉంది. గొంతు మధ్యమధ్యలో మునిగిపోతోంది. మీ అమ్మకి సరిగ్గా వినపడలేదు, కాస్త దగ్గరికొచ్చి పాడమని రాయి."

నేను తలెత్తి అత్తగారి వైపు చూశాను. ఒక్క అక్షరం పోకుండా విన్న మనిషి. మునిగిన ముక్కలు కూడా పూరించుకుని మరీ విన్న మనిషి. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు.

"అవునమ్మాయ్. నాకొక్క ముక్కా వినపడలేదు. అలాగే రాయి" అన్నారు.