మస్తాన్ భాయ్ గారి ఐసునీళ్లు

మొన్న ఆదివారం రాజోలు చేపల బజారులో పండుగప్పల కోసం ఐసుపెట్టెలో చెయ్యి పెట్టి కెలుకుతుంటే కుడిచేతి చూపుడువేలు మొద్దుబారిపోయింది. సంచి అందుకుంటే, అందుకున్నానో లేదో వేలికి తెలియలేదు. "ఏంటండి బాబూ, అలా నిలబడిపోయారు?" అని చేపలమ్మే ఆవిడ నవ్వింది. నిలబడిన మాట నిజమే గాని, నేనప్పుడు రాజోల్లో లేను. కువైట్‌లో, సులైబియా అవతల ఎడారి అంచున ఉన్న షూటింగ్ క్లబ్బులో, మస్తాన్ భాయ్ ఎదుట తల వంచుకుని ఉన్నాను.

ఆయనది రాయచోటి. ఇరాక్ యుద్ధానికి ముందే కువైట్ వచ్చి, యుద్ధంలో కట్టుబట్టలతో ఊరికి పోయి, మళ్లీ తిరిగొచ్చిన మనిషి. పోటీల్లో కాల్చేవాళ్ల పిస్తోళ్లు బాగుచేసే గది ఆయన చేతిలో ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఐటీఐ ఫిట్టరు సర్టిఫికెట్టు పట్టుకుని నేనాయన దగ్గర సహాయకుడిగా చేరాను. పొట్టి మనిషి, తెల్లటి గడ్డం, ముక్కుమీద కోపం. మా కోనసీమ అలవాటు కొద్దీ నేను "భాయ్ గారూ" అని పిలిస్తే మొదటిరోజే కసిరారు.

"భాయ్ అంటే భాయ్ అను, గారు అంటే గారు అను. రెండూ కలిపి నా నెత్తిన పెట్టొద్దు నాయనా."

"ఆయ్, అలాగేనండి భాయ్ గారూ" అన్నాను. ఇక లాభం లేదని వదిలేశారు.

ఆయనకొక పద్ధతి ఉండేది. ట్రిగ్గరు మరీ తేలికైతే వేలు తగలగానే పేలుతుంది కాబట్టి, పోటీకి ముందు దానికి కేజీ బరువు తగిలించి పైకెత్తుతారు. పేలకుండా ఆ బరువును మోస్తే నిబంధన ప్రకారం పిస్తోలు మంచిదే. మస్తాన్ భాయ్‌కి అది చాలదు. బకెట్టు నీళ్లలో ఐసు వేసి, మణికట్టు దాకా చెయ్యి ముంచి, అరవై లెక్కపెట్టి, ఆ మొద్దుబారిన వేలితో ఇసుకపెట్టెలోకి కాల్చి చూసేవారు. ఎందుకండీ ఈ అవస్థ అని ఒకసారి అడిగాను.

"ఈ గదిలో హీటరుండాది, టీ ఉండాది, వేలు సుఖంగా ఉండాది. సుఖంగా ఉండే వేలికి ఏ ట్రిగ్గరైనా మంచిదే. జనవరిలో పొద్దున్నే చలికి కొయ్యబారి, గుండె దడదడ కొట్టుకునే మనిషి వేలికి మంచిదా కాదా? అది చూడల్ల మనం."

ఆ జనవరిలోనే నూరా మేడమ్ తన పిస్తోలు తెచ్చింది. ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం చేసే కువైటీ అమ్మాయి, మంచి గురి. ట్రిగ్గరు బరకగా ఉందని, లాగేలోపు గురి పక్కకు పోతోందని ఆమె బాధ. యూరప్ నుంచి కొత్త ట్రిగ్గరు సెట్టు తెప్పించుకుంది. జాతీయ జట్టు ఎంపిక పోటీ నాలుగు రోజుల్లో ఉంది. మస్తాన్ భాయ్ ఆ సెట్టును వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూశారు. పనితనం మెచ్చుకున్నారు. కానీ సందులు బిగువుగా ఉన్నాయి, మన దుమ్ముకు ఇరుక్కుంటుందో ఏమో, లోపలి పాత భాగాలతో ఎలా కుదురుతుందో, పదిహేను రోజులు కాల్చి చూస్తేగాని చెప్పలేనన్నారు. ఈసారికి పాతదానితోనే కాల్చమన్నారు. ఆమె ముఖం చిన్నబుచ్చుకుని సరేనంది, పిస్తోలూ సెట్టూ గదిలోనే ఉంచి వెళ్లింది.

మర్నాడే శుక్రవారం. ఆయన నమాజుకు అర్దియాలోని చుట్టాల దగ్గరికి వెళ్లారు. కోచ్ ఒకాయన ఉండేవాడు, అందరూ కెప్టెన్ అని పిలిచేవారు. ఆయన గదిలోకి వచ్చి, "ముసలాయన భయస్థుడు. ఆ కొత్త సెట్టు బిగించడం నీ చేతికి రాని పనా?" అన్నాడు. అంతే, నేను బూరెలా పొంగిపోయాను. పిస్తోలు లోపల గుండును కొట్టే సుత్తిని పట్టి ఉంచే చిన్న కొక్కెం కొత్త సెట్టుకు కుదరకపోతే నూనెరాయి మీద రుద్ది కుదిర్చాను. కేజీ బరువును మూడుసార్లు ఎత్తితే మూడుసార్లూ నిలిచింది. "మియ్యా మియ్యా" అన్నాడు కెప్టెన్, నూటికి నూరు అని. మస్తాన్ ఒప్పుకున్నాడని నూరాతో చెప్పేస్తానని కూడా అన్నాడు. నేను నోరు మెదపలేదు.

పోటీ రోజు ఉదయం ఏడింటికే మస్తాన్ భాయ్ బకెట్టు ముందేసుకుని కూర్చున్నారు. పిస్తోళ్లన్నీ వరసగా చూస్తున్నారు. నూరాది చేతిలోకి తీసుకున్నారు. వేలు ట్రిగ్గరుకు ఇంకా సరిగ్గా ఆనలేదు, ఇసుకలో ఢామ్మంది. ఆయన కదల్లేదు. మళ్లీ గుండు పెట్టారు. ఈసారి వేలు దూరంగా ఉంచి, పిడిని రబ్బరు సుత్తితో చిన్నగా తట్టారు. దానంతటదే పేలింది.

"ఎవురు చేసినారు ఇది?"

నేను నేలచూపులు చూశాను. "బరువు మూడుసార్లు ఎత్తానండి."

"బరువుకు చలుండదు, భయముండదు నాయనా. పాత కొక్కెం యాడ?"

"అదేనండి. రుద్దేశాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు. రుద్దిన ఇనుము మళ్లీ పెరగదు. క్లబ్బులో మరో కొక్కెం లేదు. తొమ్మిదింటికి పోటీ. నూరా మేడమ్ గట్టిగా ఒక్కమాట అంటే నా ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, రద్దు, మరుసటి విమానానికి ఇంటికి. వచ్చి ఎనిమిది నెలలే అయింది.

"దుమ్ము చేరి పాడైందని చెప్పేద్దామండి. రోజూ దుమ్మే కదా, ఎవరు కాదంటారు?" అన్నాను.

ఆయన తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ నావైపు చూశారు. కోపం లేదు. అదే ఎక్కువ భయమేసింది.

"దుమ్మంటే ఆయమ్మ ఏం చేస్తాది? తుడుచుకుంటాది. తుడిచి, బాగైందనుకొని రేపో ఎల్లుండో ఇదే చేతికి తీసుకుంటాది. పక్కన మనుషులుంటారు. అప్పుడు?"

కెప్టెన్ చెప్తేనే చేశానన్నాను.

"కెప్టెన్ చెప్పినాడనేది కెప్టెన్ లెక్క. చేసిన చెయ్యి నీది. నువ్వే చెప్పల్ల. నేను పక్కన నిలబడతా. మాట మాత్రం నీదే."

కాల్చే వరస దగ్గర నూరా టీ కప్పును రెండు చేతులా పట్టుకుని వెచ్చబెట్టుకుంటోంది. నాకు అరబ్బీ అంతంతమాత్రం. "అనా సవ్వీ ఖరాబ్" అన్నాను. నేనే పాడు చేశాను. తట్టినా పేలుతోందని, ఏ భాగం రుద్దానో, ఎంత రుద్దానో వేళ్లతో చూపించాను. ఆమె మస్తాన్ భాయ్ వైపు తిరిగి నిజమేనా అని అడిగింది. ఆయన తల నా వైపు ఊపి, అతన్నే అడగమన్నారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఖలాస్, వెళ్లిపో అన్నట్టు చెయ్యి విసిరింది. క్లబ్బు పిస్తోలుతో కాల్చింది. దాని పిడి ఆమె చేతికి పెద్దది. జట్టులో చోటు కొద్దిలో పోయింది. అది నావల్ల పోయింది. ఇన్నేళ్లయినా ఆ మాట తేలికపడలేదు.

వారం రోజులు నేను సూట్‌కేసు సర్దుకునే ఉన్నాను. ఎనిమిదో రోజు ఆమె గదిలోకి వచ్చి, పిస్తోలును మస్తాన్ భాయ్ బల్లమీద కాకుండా నా బల్లమీద పెట్టింది. కొత్త కొక్కెం కూడా తెచ్చింది. "ఇతను ఏం పాడు చేశాడో నాకు తెలుసు. చెప్పనివాళ్లు ఏం చేశారో నాకు తెలియదు" అంది ఆయనతో. మస్తాన్ భాయ్ ఐసు బకెట్టును కాలితో నావైపు జరిపారు.

చాలా ఏళ్ల తర్వాత, ఆయన రాయచోటి వెళ్లిపోయాక, ఫోనులో అడిగాను. "ఆవేళ ఆవిడ కంప్లైంటు ఇచ్చుంటే ఏం చేసేవారండి భాయ్ గారూ?" నన్ను కాపాడేవాడినంటారని ఆశ.

"ఏం చేస్తా? నిన్ను ఏర్‌పోర్టులో దింపొచ్చి, ఆయమ్మ పిస్తోలు బాగుచేస్తాంటి" అని పకపకా నవ్వారు. ఆ రోజు కొంచెం నొచ్చుకున్నాను. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వే కావాలనిపిస్తుంది.

ఇప్పుడు నాకు రాజోల్లో మోటారుసైకిళ్లు బాగుచేసే కొట్టుంది. ఈ మధ్య ఒక మాస్టారి బండికి వెనక బ్రేకు బిగించి పంపాక, నట్టు ఒకటి బల్లమీదే మిగిలిపోయి కనిపించింది. వాళ్లింటికి పరుగెత్తాను. దారంతా గుండె ఆనాటిలాగే కొట్టుకుంది. చెప్పగా చెప్పగా అలవాటవుతుందనుకున్నాను గాని, కాలేదు. వాళ్ల వాకిట్లో, పిల్ల చూస్తుండగా, తప్పు నాదేనని చెప్పి సరిచేశాను. మాస్టారు ఒక్క మాటా అనలేదు. బండిని మాత్రం అప్పటినుంచి వేరే కొట్టుకు తీసుకెళ్తున్నారు. రోజూ ఉదయం ఆ పిల్లను వెనక కూర్చోబెట్టుకుని మా కొట్టు ముందునుంచే బడికి వెళ్తారు, నావైపు చూడరు. మలుపు దగ్గర లారీ అడ్డొస్తే బండి టక్కున ఆగుతుంది. అది చూసుకుని నేను పనిలో పడతాను.